నడిమి ముక్క

కొవిడ్ రెండో దెబ్బ తగ్గిన మరుసటి ఏడాది, జూన్ నెలలో ఒక సోమవారం పొద్దున, పంజాగుట్టలోని మా ఆసుపత్రి పాథాలజీ విభాగంలో కండరాల ల్యాబుకు నన్ను ఇన్‌చార్జిగా నియమిస్తూ ఆర్డరు వచ్చింది. హోదా చీఫ్ టెక్నాలజిస్టు. జూనియర్ టెక్నీషియనుగా చేరి, ఒక్కొక్క మెట్టూ ఎక్కి అక్కడికి చేరడానికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. అదే ఫైలులో నా ఆర్డరు కింద మరో కాగితం ఉంది. మా ల్యాబు పక్కన సామాన్లు పడేసే గదిని ఖాళీ చేయించి మైక్రోఫ్లూయిడిక్ చిప్ ప్రాజెక్టుకు ఇవ్వాలనీ, దాని బాధ్యత సైంటిస్టు మౌనికకు అప్పగించామనీ అందులో రాసి ఉంది. ఆ అమ్మాయికి ముప్పై ఒకటి. రెండు కాగితాలూ చదివాను. మొదటిది తెచ్చిన సంతోషంలో సగం రెండోది అక్కడికక్కడే తినేసింది.

మా పని సంగతి ముందు చెప్పాలి, బయటివాళ్లకు పెద్దగా తెలియదు కాబట్టి. మెట్లెక్కలేనివారు, కింద కూర్చుంటే లేవలేనివారు, చెయ్యి తలపైకి ఎత్తలేనివారు వస్తారు. రక్తపరీక్షలతో సంగతి తేలకపోతే తొడ నుంచో భుజం నుంచో చిక్కుడు గింజంత కండ తీస్తారు. దాన్నే బయాప్సీ అంటారు. థియేటరులో ఆ ముక్కను సెలైన్‌తో తడిపి గట్టిగా పిండిన గాజుగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఐసు మీద మాకు పంపుతారు. ఆ పిండటం ముఖ్యం. గుడ్డలో నీళ్లు మిగిలితే అవి కండలోకి దిగి, గడ్డకట్టించేటప్పుడు మంచు సూదులై దాన్ని జల్లెడ చేస్తాయి. థియేటరు నర్సులకు గుడ్డ పిండటం నేర్పడానికి నాకు ఏళ్లు పట్టింది.

గడ్డకట్టించడం ఇంకో విద్య. ద్రవ నైట్రోజన్‌లో కండను నేరుగా ముంచితే చుట్టూ ఆవిరి పొర కట్టి చలి లోపలికి సరిగా చేరదు. అందుకని ఐసోపెంటేన్ అనే ద్రవాన్ని స్టీలు గ్లాసులో పోసి, ఆ గ్లాసును నైట్రోజన్‌లోకి దింపాలి. గ్లాసు అడుగున తెల్లగా గడ్డలు కట్టడం మొదలవగానే కండను ముంచాలి. దీనికి గడియారం పనికిరాదు, అడుగు చూస్తూ ఉండాల్సిందే. తర్వాత క్రయోస్టాట్ అనే చల్లని పెట్టెలో, వెంట్రుక మందంలో పదో వంతు పొరలుగా కోసి, అద్దం పలకల మీదకు ఎక్కించి రంగులు వేస్తాం. ఆ స్లైడు చూసి ప్రొఫెసర్ గారు జబ్బు పేరు రాస్తారు. రిపోర్టు మీద సంతకం ఆయనది. పెళ్లి శుభలేఖలో వంటవాడి పేరు ఎవరూ వేయరు గదా, అలాగే మా పేర్లూ ఎక్కడా ఉండవు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. ఎందుకంటే వంట బాగుందని చెప్పేవారు ఒకరున్నారు.

ఆ ఒకరు మా ప్రొఫెసర్ రామ్మోహన్ గారు. విజయవాడ మనిషి. ఎవరైనా అతిథులు వస్తే ముందు నా మైక్రోస్కోపు దగ్గరకే తీసుకొచ్చేవారు. "ఇలాంటి కటింగ్ మీకు ఇంకెక్కడా దొరకదండీ, ఇది విజయ గారి చెయ్యి," అనేవారు. మధ్యాహ్నం మూడింటికి టీ నా గదిలోనే తాగేవారు. కారిడార్‌లో ఫ్రేము కట్టించి పెట్టిన పెద్ద ఫొటో నా స్లైడుదే. ఇరవై ఏళ్లు నేను ఆ ఫొటో ముందునుంచే గదిలోకి నడిచి వెళ్లాను.

ఇక చిప్. పేరు విని నేను కంప్యూటరులో పెట్టేదేదో అనుకున్నాను. అమీర్‌పేటలో ఉంటున్నదాన్ని, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఆ మాటకు ఇంకో అర్థం ఎలా తోస్తుంది? తీరా చూస్తే అది వేలెడంత సిలికాన్ రబ్బరు పలక. లోపల వెంట్రుకల్లాంటి సన్నని కాలువలు. వాటిగుండా పోషకద్రవం చుక్క చుక్కగా పారుతూ ఉంటుంది. మధ్యలో ఒక చిన్న గుంట, అందులో ఎదురెదురుగా రెండు మెత్తని స్తంభాలు. రోగి కండలోంచి బతికున్న కణాలను వేరుచేసి, పెంచి, జెల్లులో కలిపి ఆ గుంటలో పోస్తారు. రెండు వారాల్లో అవి ఒకదానితో ఒకటి కలిసి, రెండు స్తంభాల మధ్యా తీగలా కండ కడతాయి. సన్నగా కరెంటు ఇస్తే ఆ కండ ముడుచుకుంటుంది, స్తంభాలు వంగుతాయి. ఎంత వంగాయో కొలిస్తే కండ బలం ఎంతో తెలుస్తుంది. మందు కలిపి పారించి తేడా చూడవచ్చు. అంటే మనిషి జోలికి పోకుండా ఆ మనిషి కండమీదే పరీక్ష చేయవచ్చు.

నా పని చచ్చిన కండతో. ఆ అమ్మాయిది బతికున్న కండతో. ఆ ఒక్క తేడా చాలు అందరి కళ్లూ అటు తిరగడానికి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. ఆర్నెల్లు తిరగకుండానే అతిథులు నా గది దాటి పక్క గదికి వెళ్లసాగారు. కారిడార్‌లో నా ఫొటో తీసి చిప్ ఫొటో పెట్టారు. నా ఫొటో ఏమైందని అడిగితే స్టోరులో భద్రంగా ఉందన్నారు. అన్నిటికంటే నన్ను కాల్చింది టీ. కణాలు పెంచే గదిలోకి తినేవీ తాగేవీ తీసుకెళ్లకూడదు. అందుకని ప్రొఫెసర్ గారు కప్పు పట్టుకుని ఆ గది గుమ్మం బయట నిలబడి, తలుపుకున్న అద్దంలోంచి లోపలికి చూస్తూ టీ తాగేవారు. పక్కనే నా గదిలో ఆయన కుర్చీ ఖాళీగా ఉండేది.

నాకు కడుపు మండిపోయింది. దాన్ని ఇప్పుడు ఇంకో పేరుతో చెప్పి లాభం లేదు. ఆ పిల్ల మంచిది కాకపోయినా బాగుండేది, సాకు దొరికేది. సిద్దిపేట దగ్గర పల్లె నుంచి వచ్చింది. నన్ను చూస్తే లేచి నిలబడేది, ఎదురుపడితే తిన్నారా అని అడిగేది. అది కూడా నాకు కుళ్లుగానే ఉండేది.

అసలు విషయానికి వస్తాను. వచ్చిన ముక్కను ఎవరెవరికి ఎంత ఇవ్వాలో పంచేది నేనే. గడ్డకట్టించడానికి ఒక వంతు, ఫార్మలిన్‌లో వేయడానికి ఒక వంతు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు ఆవగింజంత. మౌనిక వచ్చాక నాలుగో వంతు చేరింది, కణాలు పెంచడానికి. ఎంత బరువు ఇవ్వాలో మా పద్ధతుల పుస్తకంలో రాసి ఉంది. ముక్కలో ఏ భాగం ఇవ్వాలో రాసి లేదు. ఇంతకుముందు రాయాల్సిన అవసరం పడలేదు. నడిమి భాగం గడ్డకట్టించడానికి తీసి మిగతావాళ్లకు మిగతాది ఇవ్వడం నాకు నేర్పినవాళ్ల నుంచి వచ్చిన ఆచారం.

కండ ముక్క రెండు చివర్లూ మంచివి కావు. తీసేటప్పుడు పట్టకారు పట్టేది అక్కడే, నలిగిపోతుంది. కొన్నిసార్లు కండను ఎముకకు కట్టే స్నాయువు వైపు చివరలో కండకన్నా నారే ఎక్కువ. అద్దం మీద అలాంటి చోటు చూస్తే పక్కకు జరిపేస్తాం, నష్టం లేదు. కణాలు పెంచేవారికి మాత్రం అది చేటు. నారలో ఉండే కణాలు గాయానికి మచ్చ కట్టే రకం. అవి కలుపు మొక్కల్లా పెరుగుతాయి, కండ కణాలను మింగేస్తాయి. వేరుచేసే పద్ధతులున్నాయి గానీ, వేరుచేయడానికి అసలు సరుకు కొంతైనా ఉండాలి కదా. ఇదంతా నాకు తెలుసు. తెలిసే మౌనికకు చివర ముక్క ఇస్తూ వచ్చాను. బరువు తూచి, పుస్తకంలో ఎక్కించి, సంతకం చేసి ఇచ్చాను. ఆడిట్‌కు వచ్చినవారెవరూ నా మీద వేలెత్తి చూపలేరు.

ఆమె చిప్పుల్లో కండ కట్టేది కాదు. కట్టినా అయిదారు రోజులకు స్తంభాల నుంచి ఊడిపోయేది. నెలకోసారి నా దగ్గరకు వచ్చి, "మేడం, జర మీరు సుత చూస్తరా? ఎక్కడ తప్పు చేస్తున్ననో సమజైతలేదు," అని అడిగేది. నేను మైక్రోస్కోపులో చూసేదాన్ని. నారకణాలు వరసలు వరసలుగా కనిపించేవి. "జెల్లు ఏదో తేడాగా ఉన్నట్టుందమ్మా," అనేదాన్ని. ఆమె వెళ్లి జెల్లు మార్చేది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, ఆ అమ్మను నేనే. మందుల కంపెనీల మనుషులు వచ్చినప్పుడు చూపించడానికి ఆమె దగ్గర ఎలుక కణాలతో కట్టిన కండ ఒకటి ఉండేది. రోగులది ఒక్కటీ నిలవలేదు. నిలవని ప్రతిసారీ నా మనసులో చిన్న చల్లదనం. దాని గురించి గర్వంగా లేదు గానీ, ఉండేది నిజం.

ఇలా సుమారు పది నెలలు జరిగాక స్వప్న కేసు వచ్చింది. స్వప్నకు ఇరవై ఆరేళ్లు. అమీర్‌పేటలో మా ఇంటి దగ్గరి సందులోనే ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేసేది. చీరకు సరిపోయే రంగు వెతికి జాకెట్టు గుడ్డ చించి ఇచ్చే పని. రోజంతా నిచ్చెన ఎక్కి తాన్లు దించాలి. రెండేళ్ల కింద నిచ్చెన ఎక్కలేకపోయింది. అప్పుడు తీసిన బయాప్సీ స్లైడు నేను చేసిందే. అందులో వాపు కణాలు కనిపించాయి. కండరాల వాపు జబ్బు అని తేల్చి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. రెండేళ్లు వేసుకున్నా కాళ్ల బలం ఇంకా తగ్గిందే తప్ప పెరగలేదు. మొహం గుండ్రంగా ఉబ్బింది, చక్కెర వ్యాధి పట్టుకుంది, ఎముకలు పలచబడ్డాయి.

న్యూరాలజీ డాక్టరు గారికి అనుమానం వచ్చింది. డిస్ఫెర్లిన్ లోపం అని ఒక వంశపారంపర్య జబ్బుంది. కండకణం పనిచేసేటప్పుడు దాని పైపొరకు చిన్న చిరుగులు పడుతుంటాయి. వాటికి మాసిక వేసే ప్రోటీన్ డిస్ఫెర్లిన్. అది లేకపోతే చిరుగులు మానక కణం చస్తుంది, దాని చుట్టూ వాపు కణాలు మూగుతాయి. స్లైడులో చూస్తే వాపు జబ్బులాగే ఉంటుంది. కానీ దీనికి స్టెరాయిడ్లు పనిచేయవు, పైగా చెరుపు చేస్తాయి. జన్యుపరీక్షలో ఒక తప్పు స్పష్టంగా దొరికింది, రెండోది జబ్బు తెచ్చేదో కాదో ఎవరూ చెప్పలేనిది. ప్రోటీన్‌కు వేసే రంగు పాత స్లైడు మీద మసకగా వచ్చింది. ఉందనీ అనలేం, లేదనీ అనలేం. ఇక మిగిలింది చిప్. స్వప్న కణాలతో కండ కట్టించి, కరెంటుతో ముడుచుకునేలా చేసి, పారే ద్రవంలో ఒక రంగు కలిపితే, చిరుగు మానని కణంలోకి రంగు దూరుతుంది. మానితే దూరదు. చిప్ ఫలితం రిపోర్టు కాదు, పరిశోధన మాత్రమే. అయినా ఆ ఒక్క సాక్ష్యం ఉంటే మాత్రలు తగ్గించడానికి తాను ధైర్యం చేస్తానని డాక్టరు గారు మీటింగులో అన్నారు. స్వప్న రెండోసారి కోతకు ఒప్పుకుంది.

ఆ పొద్దున ఎవరో విదేశీ అతిథులు వచ్చారు. ప్రొఫెసర్ గారు వాళ్లను పక్క గదికి తీసుకెళ్తూ, నేను గుమ్మంలో ఎదురుపడితే, వాళ్లకు నన్ను పరిచయం చేశారు. "ఈవిడ మా టెక్నీషియన్. మౌనికకు ముక్కలు ఇస్తుంటారు." తొందరలో అన్న మాట. ఆయనకు గుర్తు కూడా ఉండి ఉండదు. ఇరవై తొమ్మిదేళ్లు ఎక్కిన మెట్లన్నీ ఒక్క మాటతో దించేశారు. నేను నవ్వి నమస్కారం పెట్టాను. ఓ గంటకు థియేటరు నుంచి స్వప్న ముక్క వచ్చింది.

గుడ్డ విప్పాను. మంచి ముక్క, నడుమ ఎర్రగా, పోగులన్నీ ఒకే వైపు సాగి ఉన్నాయి. ఒక చివర తెల్లగా, గట్టిగా ఉంది. ఈ కేసులో నడిమి భాగం ఎవరికి పోవాలో నాకు తెలుసు. ఇది ఎవరి కోసం తీశారో మీటింగులో నేనూ విన్నాను. బ్లేడు చేతిలో పట్టుకుని కాస్త ఆగాను కూడా. ఆ ఆగిన సంగతి చెప్పకపోతే ఈ రాత దండగ. అలవాటుగా జరిగిపోయిందని చెప్పుకునే వీలు నాకు లేదు. తెల్ల చివర కోసి, తూచి, మౌనిక డబ్బాలో వేశాను. నడిమి భాగం నేను తీసుకుని గడ్డకట్టించాను.

ఆ స్లైడు నా ఉద్యోగజీవితంలో నేను చేసిన వాటిలో అన్నిటికన్నా గొప్పది. ఒక్క మంచు రంధ్రం లేదు, ఒక్క ముడత లేదు. ప్రొఫెసర్ గారు చాలాసేపు చూశారు. "విజయ గారూ, ముత్యంలా ఉందండీ," అన్నారు. ఆ మాట కోసం ఏడాదిగా నేను మొహం వాచి ఉన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "కానీ పాతదాంట్లో ఉన్నదే ఇందులోనూ ఉంది. ఇది మనకు చెప్పగలిగింది అంతే. చూద్దాం, మౌనిక ఏం తేలుస్తుందో," అన్నారు. ప్రోటీన్ రంగు ఈసారీ మసకగానే వచ్చింది.

మూడు వారాల తర్వాత మౌనిక వచ్చింది. నా ఎదురుగా, ప్రొఫెసర్ గారి కుర్చీలో కాకుండా స్టూలు మీద కూర్చుంది. స్వప్న కణాల్లో కండ కణాలు లేవనీ, చిప్‌లో పోయడానికి ఏమీ మిగల్లేదనీ చెప్పింది. "నాతోని కాలేదు మేడం. గా పిల్లకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. మళ్ల కోసుడంటే ఒప్పుకుంటదా?" అంది. అంతకుముందు ప్రతిసారీ వచ్చిన ఆ చల్లదనం ఈసారి రాలేదు. స్వప్న ఇంకా ఆ మాత్రలు మింగుతూనే ఉంది, ఆ ఉదయం కూడా మింగి ఉంటుంది.

"నీతో కాకపోవడం కాదమ్మా. నేను ఇచ్చింది చివర ముక్క," అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "తెలుసు మేడం," అంది.

ఎప్పటినుంచి అని అడిగాను. మూడో నెల నుంచే అంది. ప్రతి ముక్కలోనూ నారకణాలే ఎక్కువ రావడం చూసి, వచ్చినవన్నీ ఫొటోలు తీసి పక్కన పెట్టుకుందట. ఒకటి రెండుసార్లయితే అనుకోవచ్చు, ప్రతిసారీ చివరే ఎట్లా వస్తుందని లెక్క చూసుకుందట. మరి ప్రొఫెసర్ గారికి ఎందుకు చెప్పలేదన్నాను. "చెప్తే మీరు నాకు గా చివర ముక్క సుత ఇయ్యరేమో అనుకున్న. అయినా మేడం, ముక్క మీ చేతిలుంటది. సారు చెప్పినా కోసేది మీరే గదా. మీకే ఒకనాడు అనిపిస్తదిలే అని చూసిన." ఇంకో మాట కూడా అంది. "స్వప్న ముక్క మాత్రం మంచిది ఇస్తరనుకున్న."

ఆ మాట నాకు ఇప్పటికీ అలాగే వినిపిస్తుంది. పది నెలలు నేను దాచాననుకున్నది ఆమెకు ఏడు నెలలుగా తెలుసు. తెలిసీ ఎదురుపడిన ప్రతిసారీ తిన్నారా మేడం అని అడిగింది. జెల్లు మార్చమని నేను చెబితే, అబద్ధమని తెలిసీ వెళ్లి మార్చింది.

ల్యాబులో పద్ధతి తప్పినప్పుడు రాయడానికి ఒక రిజిస్టరుంటుంది. ఏం జరిగింది, ఎవరివల్ల, దిద్దుబాటు ఏమిటి అని మూడు గళ్లు. నేను ఇన్‌చార్జి కనుక అది నా బల్లమీదే ఉండేది. మొదటి గడిలో జరిగింది రాశాను. రెండో గడిలో నా పేరు రాశాను. కారణం రాయడానికి అందులో గడి లేదు, అంతవరకు రిజిస్టరు నన్ను కాపాడింది. ప్రొఫెసర్ గారు చదివి సంతకం పెట్టారు. ఆ మధ్యాహ్నం మూడింటికి టీ కప్పు పట్టుకుని నా గదికి వచ్చి, పాత కుర్చీలో కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా తాగి వెళ్లారు. ఏడాదిగా ఎదురుచూసిన టీ అది. ఎప్పుడు అయిపోతుందా అని నేను గడియారం చూస్తూ కూర్చున్నాను.

స్వప్నను అడగాల్సింది డాక్టరు గారు. ముందు నేను వెళ్లి మాట్లాడతానని చెప్పి అనుమతి తీసుకున్నాను. షాపుకే వెళ్లాను. అప్పటికి ఆమెను నిచ్చెన పని మాన్పించి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చోబెట్టారు. కత్తెర చేతిలో ఉంది. పేరు చెప్పాను, ల్యాబు నుంచి అని చెప్పాను. మళ్లీ ముక్క కావాలని చెప్పాను.

"మళ్ల కోస్తరా? మొన్ననే కోసిన్రు గదా. ఏమైంది గది?" అంది.

జవాబు సిద్ధం చేసుకునే వెళ్లాను. కణాలు పెరగలేదు, ఇలాంటివి అప్పుడప్పుడు జరుగుతుంటాయి అని. అది అబద్ధం కూడా కాదు. ఆమె ఉబ్బిన మొహం నా వైపే పెట్టి చూస్తుంటే అది నోట రాలేదు. ముక్కను పంచేది నేనేననీ, బతికించి చూడాల్సిన పరీక్షకు చివర భాగం ఇచ్చాననీ, మంచి భాగం నా పనికి వాడుకున్నాననీ చెప్పాను.

 స్వప్న కౌంటరు మీదున్న నీలం తాను చివర పట్టుకుని లాగి, మడత నలిగి రంగు వెలిసిన అంచు చూపించింది. "ఇగో, తాను చివరన ఇట్లుంటది. గీ ముక్క మేము ఎవ్వలకు ఇయ్యం మేడం. తెల్వనోళ్లకు సుత ఇయ్యం. చించి పక్కకు పడేస్తం, అటెనుక మీటరు పెట్టి కొలుస్తం."

ఇంతలో ఎవరో ఒకావిడ చీర పట్టుకుని మెంతి రంగు కావాలని వచ్చింది. స్వప్న ఆమెకు గుడ్డ చూపించి, కొలిచి, చించి ఇచ్చి, నా వైపు తిరిగింది. "ఎప్పుడు రావాలె?" అంది. "ఈసారి కోసేటప్పుడు నేను చూస్తనే ఉంట."

ఈసారి కోత అవసరం లేకుండా లావుపాటి సూదితో, పక్క తొడ నుంచి తీశారు. సూది ముక్క చిన్నది, పంచితే ఎవరికీ చాలదు. గడ్డకట్టించడానికి నాకు వద్దని రాసిచ్చాను. స్వప్న మంచం మీద తల ఎత్తి చూస్తుండగా, ముక్క రెండు చివర్లూ కోసి పక్కన పెట్టి, నడిమి భాగం మొత్తం మౌనిక పట్టుకున్న ద్రవం సీసాలో వేశాను. గుడ్డ లేదు, పిండటం లేదు. బతకాల్సిన కండకు తడి కావాలి. ముప్పై ఏళ్లు నేర్పిన దానికి పూర్తిగా తలకిందులు.

నెలన్నర తర్వాత మౌనిక నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. రెండు స్తంభాల మధ్య వెంట్రుకంత తీగ. ఆమె మీట నొక్కగానే అది చటుక్కున ముడుచుకుంది, స్తంభాలు ఒకదానివైపు ఒకటి వంగాయి. వదిలితే నిటారయ్యాయి. మ్యాచింగ్ సెంటర్‌లో స్టూలు మీద కూర్చున్న మనిషి కండ అది. ముప్పై ఏళ్లు కండను చూశాను గానీ, కదిలే కండను అదే మొదటిసారి చూడటం. అప్పుడూ నాకు కలిగింది ఈర్ష్యే. ఈ పని నాకెందుకు దొరకలేదు అనే ఈర్ష్య. పక్కనే, బయటినుంచి తెప్పించిన ఆరోగ్యవంతుల కణాలతో కట్టిన తీగ పెట్టి, రెండింటికీ రంగు కలిపిన ద్రవం పారించింది. కరెంటు ఆపాక ఆరోగ్యవంతుల తీగ నల్లగానే ఉంది. స్వప్న తీగ మాత్రం చివరినుంచి చివరికి ఎర్రగా వెలిగింది. చిరుగులు మానడం లేదు.

స్టెరాయిడ్లు మెల్లగా తగ్గించి మానిపించారు. జబ్బుకు మందు లేదు, ఈ రోజుకీ లేదు. ఆ మాట డాక్టరు గారు స్వప్నకు దాచకుండా చెప్పారు. అయితే మొహం వాపు దిగింది, చక్కెర అదుపులోకి వచ్చింది. కౌంటరు వెనక పనే చేస్తోంది. మింగాల్సినదానికన్నా రెండు నెలలు ఎక్కువగా ఆ మాత్రలు ఆమె చేత మింగించింది నేను. ఆ సందులోంచి వెళ్లేటప్పుడు ఆమె తల ఊపుతుంది, నేనూ ఊపుతాను. జాకెట్టు గుడ్డలు మాత్రం వేరే షాపులో కొంటాను.

రిటైరయ్యే ముందు పద్ధతుల పుస్తకంలో కొత్త పేజీ ఒకటి నేనూ మౌనికా కలిసి రాశాం. బతికించాల్సిన వంతు ముందు తీయాలి, నడిమినుంచి తీయాలి, గడ్డకట్టించే వంతు ఆ తర్వాత. చివర భాగాలు ఎవరి లెక్కలోకీ రాకూడదు. ముక్క పంచేటప్పుడు తీసుకునేవారు ఎదురుగా ఉండాలి. చివరి వాక్యం నేను పట్టుబట్టి పెట్టించాను. మౌనిక అది అవసరమా మేడం అంది. అవసరమే అన్నాను.

ఈ ఉదంతం నేర్పింది ఇదీ. ల్యాబులో చెరుపు చేయడానికి నియమం తప్పనక్కర్లేదు, నియమం రాసి లేని చోటు ఒకటి దొరికితే చాలు. మనసులో మంట ఉన్న మనిషి ఆ చోటు వెతుక్కుని మరీ చేరుతుంది. మంటను ఆర్పడం నాకు చేతకాలేదు, ఆర్పానని చెప్పను. కారిడార్‌లో ఆ చిప్ ఫొటో ముందునుంచి నడిచిన చివరి రోజు కూడా నాకు కడుపు మండింది. ఆ రోజు పొద్దున వచ్చిన ముక్కను మాత్రం మౌనిక ఎదురుగానే కోసి, నడిమి భాగం ముందు ఆమెకే ఇచ్చాను.